గీత వేరు, వైరు వేరు

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు బడి జ్ఞాపకాలన్నీ చెప్పేశారు. వేపచెట్టు వచ్చింది, ఇనుప గంట వచ్చింది, పీటీ సారు ఈల కూడా వచ్చింది. నాకేమీ మిగల్చలేదు. అందుకని నేను చేసే పని గురించి చెప్తాను. కమిటీవాళ్లు అడిగింది కూడా అదే. "కంప్యూటర్‌లో కరెంటు బొమ్మలు గీస్తావంట కదా, అది ఎవరి దగ్గర నేర్చుకున్నవో మన పిల్లలకు చెప్పు" అన్నారు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కాబట్టి చెప్పాల్సింది కొంచెం ఎక్కువే ఉంది, ఓపిక పట్టండి.

పొలం ఉన్నవాళ్లందరికీ బోరు దగ్గర స్టార్టర్ డబ్బా తెలుసు. పచ్చ బొత్తాం నొక్కితే మోటారు లేస్తుంది, ఎర్ర బొత్తాం నొక్కితే ఆగుతుంది. పచ్చ బొత్తాం మీద నుంచి వేలు తీసేసినా మోటారు ఎందుకు ఆగదో ఎప్పుడైనా ఆలోచించారా? ఇంట్లో కాలింగ్ బెల్లు వేలు తీయగానే ఆగిపోతుంది కదా. స్టార్టర్ లోపల కాంటాక్టర్ అని ఒకటి ఉంటుంది. దాని కాయిల్‌కు కరెంటు అందితే అది అయస్కాంతమై మూడు ఫేజుల కాంటాక్టులను ఒక్కసారి లాగి కలుపుతుంది. వాటితోపాటు పక్కన ఇంకో చిన్న కాంటాక్టు కూడా కలుస్తుంది. దాన్ని పచ్చ బొత్తానికి సమాంతరంగా వేస్తారు. మనం వేలు తీశాక కాయిల్‌కు కరెంటు ఆ చిన్న కాంటాక్టు దారిన వస్తుంది. అంటే కాంటాక్టర్ తనను తానే పట్టుకుని ఉంటుంది. దీన్ని హోల్డింగ్ అంటాం. కరెంటు పోయిందంటే పట్టు వదిలేస్తుంది, తిరిగి వచ్చినా మోటారు దానంతటది లేవదు. మన రైతులు ఆటో స్టార్టర్ పెట్టుకున్నది దీన్ని దాటడానికే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండని ఊరూరా చెప్పింది కూడా దీనివల్లే. అవి ఉంటే మోటారు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది, బోర్లలో నీళ్లు మిగలవు.

మన సైన్సు సారు విద్యుత్ గంట బొమ్మ వేయించేవారు, గుర్తుందా? బొమ్మ ఎంత బాగా వేసినా భాగాల పేర్లు రాయకపోతే మార్కులు కోసేవారు. నా ఉద్యోగమంతా ఆ బొమ్మకు పెద్దన్న లాంటిదే.

బోరు డబ్బాలో కాంటాక్టర్ ఒకటే. మన మిర్యాలగూడ వైపు ఒక మోస్తరు రైసు మిల్లు ప్యానెల్ తలుపు తీస్తే అవి పదుల్లో కనిపిస్తాయి. మందుల ఫ్యాక్టరీకి పోతే వాటితోపాటు రిలేలు, టైమర్లు, పీఎల్‌సీ, వందల టెర్మినళ్లు. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే పుస్తకాన్ని కంట్రోల్ డ్రాయింగు అంటారు. పుస్తకం అని ఊరికే అనలేదు. కొంచెం పెద్ద యంత్రానికి వంద పేజీలు దాటుతుంది. ప్యానెల్ కట్టే వైర్‌మన్ దాన్ని చూసే కడతాడు. పదేళ్ల తర్వాత రాత్రి రెండు గంటలకు యంత్రం ఆగిపోతే, డ్యూటీలో ఉన్న ఎలక్ట్రీషియన్ దాన్ని చూసే తప్పు వెతుకుతాడు. గీసినవాడు అప్పటికి ఎక్కడుంటాడో తెలియదు, ఫోను చేసి అడగడానికి ఉండదు.

పాలిటెక్నిక్ అయిపోయాక 1989లో బాలానగర్‌లో ప్యానెల్ బోర్డులు తయారుచేసే ఒక షాపులో చేరాను. అప్పుడు ట్రేసింగ్ పేపరు, ఇంకు పెన్ను. తప్పు పోతే బ్లేడుతో గీకాలి. అమ్మోనియా వాసన కొట్టే ప్రింట్లు. మధ్యలో ఒక రిలే చేర్చమని కస్టమర్ అన్నాడంటే ఆ తర్వాత పేజీల్లో నంబర్లన్నీ మార్చాలి. కొన్నేళ్లకు ఆటోక్యాడ్ వచ్చింది. బ్లేడు పోయింది గాని బాధ పోలేదు. ఎందుకంటే నేను గీసింది కాంటాక్టర్ అని ఆ కంప్యూటర్‌కు తెలియదు. దాని లెక్కలో అవి నాలుగు గీతలు, ఒక చతురస్రం. నంబర్లు మార్చే పని మళ్లీ నాదే.

2011లో ఒక కస్టమర్ వచ్చి, డ్రాయింగులు మామూలు ఆటోక్యాడ్‌లో ఇస్తే తీసుకోము, ఎలక్ట్రికల్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే కావాలన్నాడు. ఇవి అప్పటికి కొత్తవేం కాదు. జర్మనీలో ఈప్లాన్ 1984లోనే మొదలైంది, అందులో ఎలక్ట్రిక్ పీ8 అనే రకం 2006లో వచ్చింది. ఆటోక్యాడ్ వాళ్లదే ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్ కూడా ఉంది. మా ఆఫీసులో మాత్రం ట్రైనింగు మాటెత్తితే, "నలభై ఏళ్లవాళ్లకు ఖర్చు పెట్టడం దేనికి, కుర్రాళ్లను తీసుకుందాం" అన్నారు. ఆఫీసు పేరు చెప్పను, అనవసరం. ఆ మాట అనకపోతే నేను ఇంటి దగ్గర కూర్చుని నేర్చుకునేవాణ్ని కాదేమో.

రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా, దాదాపు నాలుగు నెలలు. ముందు అడ్డం వచ్చింది కరెంటు కాదు, ఇంగ్లీషు. మనది తెలుగు మీడియం కదా. హెల్ప్ పేజీ తెరిస్తే వాక్యం అర్థమైనట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు. రెండు వందల పేజీల నోటుబుక్ ఒకటి కొన్నాను. ఎడమ పేజీలో వాళ్ల మాట, కుడి పేజీలో నాకర్థమైన తెలుగు, పక్కన చిన్న బొమ్మ. నిఘంటువు అర్థం కాదు, ఆ బొత్తాం నొక్కితే ఏం జరిగిందో అది. వంద మాటలు దాటేసరికి భయం పోయింది. నిజానికి ఒక సాఫ్ట్‌వేర్‌లో తిరిగే ఇంగ్లీషు మాటలు అంతకంటే పెద్దగా ఉండవు.

రెండో సంగతి. వాళ్లిచ్చే నమూనా ప్రాజెక్టుతో మొదలుపెట్టలేదు. అది ఎక్కడో ఏదో యంత్రం, అందులో ఏది సరైనదో నాకెలా తెలుస్తుంది? నేను చేతులతో కట్టిన స్టార్టర్ ప్యానెల్ తీసుకున్నాను. ఒక మోటారు, ఒక కాంటాక్టర్, ఒక ఓవర్‌లోడ్ రిలే, రెండు బొత్తాలు, ఒక దీపం. ఆ డ్రాయింగు నాకు కంఠతా వచ్చు. సాఫ్ట్‌వేర్ ఏం చేసినా ఒప్పో తప్పో వెంటనే చెప్పగలను. మీకు తెలియని సంగతిని, మీకు తెలియని పనిముట్టుతో, రెండూ ఒకేసారి నేర్చుకోబోతే ఏది అర్థం కాలేదో కూడా అర్థం కాదు.

మొదటి వారంలో తెలిసింది ఈ ప్రసంగానికి పేరుగా పెట్టాను. ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్‌లో వైర్లకంటూ వేరే లేయర్లు ఉంటాయి. ఆ లేయరు మీద ఉన్న గీతే వైరు. వేరే లేయరు మీద అచ్చం అలాంటి గీతే గీయండి, కంటికి తేడా తెలియదు, ప్రింటులోనూ తెలియదు. కానీ సాఫ్ట్‌వేర్ దానికి నంబరు ఇవ్వదు, వైర్ల జాబితాలో అది రాదు. మామూలు ఆటోక్యాడ్‌లో పదేళ్లు పనిచేసినవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. వాళ్ల చెయ్యి గీతలకు అలవాటు పడి ఉంటుంది. సింబల్‌ను ఎక్స్‌ప్లోడ్ చేసి దిద్దుకునే అలవాటు కూడా అలాంటిదే. పగలగొట్టిన మరుక్షణం అది కాంటాక్టర్ కాకుండా పోతుంది, మళ్లీ నాలుగు గీతలవుతుంది.

ఇందులో సింబళ్ల పేర్లు చూస్తే మొదట తల తిరుగుతుంది. హెచ్‌పీబీ11, హెచ్‌పీబీ12, హెచ్‌సీఆర్21 ఇలా ఉంటాయి. ఒక రాత్రి కూర్చుని విప్పాను. మొదటి అక్షరం, బొమ్మ అడ్డంగా ఉన్న వైరులో పెట్టాలా నిలువు వైరులో పెట్టాలా అని. తర్వాతి రెండూ వస్తువు జాతి: పీబీ అంటే పుష్ బటన్, సీఆర్ అంటే కంట్రోల్ రిలే. ఆ తర్వాత 1 వస్తే తల్లి, 2 వస్తే పిల్ల. చివరి 1 వస్తే మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టు, 2 వస్తే మూసి ఉండేది. కనుక హెచ్‌సీఆర్22 అంటే అడ్డ వైరులో పెట్టే, రిలే తాలూకు, పిల్ల కాంటాక్టు, మామూలుగా మూసి ఉండేది. మా తెలుగు సారు సంధి విడదీయించినట్టే ఉంది.

తల్లి, పిల్ల అన్నాను కదా, ఈ సాఫ్ట్‌వేర్లన్నిటి ప్రాణం అక్కడే ఉంది. కాయిల్ రెండో పేజీలో ఉంటుంది, దాని కాంటాక్టులు ఐదో పేజీలో ఒకటి, తొమ్మిదో పేజీలో ఒకటి ఉంటాయి. కాగితం మీద దూరంగా ఉన్నా వస్తువు ఒకటే, ప్యానెల్‌లో ఒక్క చోటే ఉంటుంది. ఐదో పేజీ కాంటాక్టును ఫలానా కాయిల్‌దని ముడివేస్తే, కాయిల్ కింద 5.3, 9.6 అని దానంతటదే రాసుకుంటుంది. ఐదో పేజీ మూడో గడి, తొమ్మిదో పేజీ ఆరో గడి అని అర్థం. కాయిల్ పేరు మార్చారంటే పిల్లల పేర్లు వెంటనే మారతాయి. ఆ రిలేకు నాలుగే కాంటాక్టులుంటే ఐదోది వాడబోయినప్పుడు హెచ్చరిస్తుంది, ముందుగా మనం ఆ రిలే మోడల్‌ను ఎంచి పెట్టి ఉంటే. ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్ దీన్ని పేరెంట్, చైల్డ్ అంటుంది. ఈప్లాన్ మెయిన్ ఫంక్షన్, ఆగ్జిలరీ ఫంక్షన్ అంటుంది. క్యూఎలక్ట్రోటెక్ మాస్టర్, స్లేవ్ అంటుంది. మాటలు మూడు, సంగతి ఒకటే. ఒక దాంట్లో ఇది పట్టుబడితే మిగతా రెండూ రెండు వారాల పని.

యూట్యూబ్ గురించి ఒక మాట. వీడియోలు చూడండి, కాదనను. కానీ చాలా వీడియోలు అమెరికా పద్ధతిలో ఉంటాయి. వాళ్లు నిచ్చెన మెట్లలాగా అడ్డంగా గీస్తారు, కాంటాక్టుకు రెండు నిలువు గీతలు పెడతారు. మన ఫ్యాక్టరీల్లో ఎక్కువగా ఐఈసీ పద్ధతి. కాంటాక్టు వాలుగా ఉన్న గీత, సర్క్యూట్ పైనుంచి కిందికి. మా పక్కింటి డిప్లొమా కుర్రాడు నెల రోజులు కష్టపడి అమెరికా నిచ్చెన నేర్చుకుని ఇంటర్వ్యూకి పోయాడు. వాళ్లు మొదట అడిగిందే 13–14 అంటే ఏమిటని. కాంటాక్టు మీద రాసే ఆ అంకెల్లో రెండోది 3–4 అయితే మామూలుగా తెరిచి ఉండేది, 1–2 అయితే మూసి ఉండేది. మొదటి అంకె వరుస సంఖ్య. కాయిల్‌కు ఏ1, ఏ2. ఓవర్‌లోడ్ పడిపోతే తెరుచుకునేది 95–96. ఇది ఏ సాఫ్ట్‌వేరూ కాదు, కాంటాక్టర్ మీదే అచ్చు వేసి ఉంటుంది. పాత కాంటాక్టర్ ఒకటి బాలానగర్‌లో తుక్కు కొట్టులో కొనుక్కుని బల్ల మీద పెట్టుకోండి. ఏ వీడియో కంటే అది మేలు.

స్టార్టర్ అయ్యాక స్టార్-డెల్టా వేశాను. పెద్ద మోటారు నేరుగా లేస్తే కరెంటు విపరీతంగా లాగుతుంది. ముందు స్టార్‌లో లేపితే ఆ లాగుడు మూడో వంతుకు తగ్గుతుంది. లేపే బలమూ మూడో వంతే, అది వేరే సంగతి. కాసేపటికి టైమర్ డెల్టాకు మారుస్తుంది. స్టార్ కాంటాక్టర్, డెల్టా కాంటాక్టర్ రెండూ ఒకేసారి కలిస్తే ఫేజులు ఒకదానితో ఒకటి నేరుగా తగులుకుంటాయి, బాంబు పేలినట్టుంటుంది. అందుకని ఒకదాని కాయిల్ దారిలో రెండోదాని మూసి ఉండే కాంటాక్టు పెడతారు. ఇంటర్‌లాక్ అంటే అదే. ఇంటర్‌లాక్ తీసేసి సాఫ్ట్‌వేర్‌తో డ్రాయింగు పరీక్ష చేయించి చూశాను. ఒకే పేరు రెండు వస్తువులకు పెడితే పట్టుకుంటుంది, కొస వదిలేసిన వైరును పట్టుకుంటుంది. ఇంటర్‌లాక్ లేదని మాత్రం అనలేదు. ఎమర్జెన్సీ స్టాప్‌కు మూసి ఉండే కాంటాక్టు బదులు తెరిచి ఉండేది పెట్టి చూశాను. దానికీ ఏమీ అనలేదు. మూసి ఉండేది ఎందుకు పెట్టాలంటే, ఆ వైరు ఎక్కడైనా తెగితే యంత్రం ఆగిపోవాలి. తెరిచి ఉండేది పెడితే వైరు తెగిన సంగతి, మనిషి చెయ్యి ఇరుక్కుని బొత్తాం నొక్కిన రోజున తెలుస్తుంది. అది చూడాల్సింది మనమే.

నా పరీక్ష నేను వైర్‌మన్‌తో పెట్టించుకున్నాను. ఆ పని గురించి ఏమీ తెలియని వైర్‌మన్‌కు డ్రాయింగు ఇచ్చి, నేను నోరు మూసుకుని కూర్చోవడం. అతను అడిగే ప్రతి ప్రశ్నా డ్రాయింగులో రాయాల్సినదే. "సార్, ఈ వైరు ఎంత మందం?" అంటాడు. "ఈ టెర్మినల్ ఏ డబ్బాలోది?" అంటాడు. చిరునామా రాసే పద్ధతి కూడా ఐఈసీలో ఉంది. ముందు సమాన గుర్తు పెట్టి ఏ పనికో, ప్లస్ గుర్తు పెట్టి ఎక్కడో, మైనస్ గుర్తు పెట్టి ఏ వస్తువో రాస్తారు. జిల్లా, ఊరు, ఇంటి నంబరు లాంటిది. చాలామంది ఇది బడాయి అనుకుని వదిలేస్తారు. ప్యానెల్ ఒక్కటే ఉంటే వదిలేయొచ్చు. ఐదు ప్యానెళ్లలో ఐదు కే3 రిలేలు ఉన్నప్పుడు తెలుస్తుంది దాని విలువ.

ఇప్పుడు చెప్పేది పిల్లల కోసం కాదు, మనలో ఫ్యాక్టరీలు నడిపేవాళ్ల కోసం. కొన్నేళ్ల కింద ఒక ఫ్యాక్టరీకి పాత డ్రాయింగులు కొత్తగా గీయమని నన్ను పిలిచారు. ఎందుకింత తొందర అంటే ఎవరూ చెప్పలేదు. ప్యానెల్ చూపించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ కుడి చేతికి రెండు వేళ్లు పనిచేయడం లేదు. నేనే అడిగాను. "అన్నా, మెయిన్ స్విచ్ ఆపే పట్టుకున్న" అన్నాడు. రాత్రి షిఫ్టులో డ్రయ్యరు ఆగిపోయింది. ప్యానెల్ మెయిన్ ఆపాడు. డ్రాయింగు ప్రకారం ఆ తర్వాత లోపల ఎక్కడా కరెంటు ఉండకూడదు. కానీ మూడేళ్ల కింద పక్క ప్యానెల్ నుంచి ఒక ఇంటర్‌లాక్ వైరు తెచ్చి కలిపారు, 230 వోల్టులది. ఈ మెయిన్ ఆపితే అది చావదు. డ్రాయింగులో అది లేదు. ఆఫీసు సొరుగులో ఉన్న ప్రింటు మీద ఎవరో ఎర్ర పెన్నుతో గీసి పెట్టారు, కంప్యూటర్‌లోకి ఎక్కించలేదు. వైరు రంగు కూడా మిగతావాటి లాంటిదే.

టెస్టర్ పెట్టి చూసి పట్టుకోవాలి కదా అంటారు. నిజమే, పెట్టాలి. ఆ మాట ఆ తమ్ముడే నాకంటే ముందు అన్నాడు. కానీ యంత్రాల కరెంటుకు ఉన్న ఐఈసీ 60204-1 ప్రమాణంలో ఇలాంటి వైర్లకు, అంటే మెయిన్ ఆపినా బతికి ఉండేవాటికి, నారింజ రంగు వాడమని ఉంది. హెచ్చరిక పలక పెట్టమని ఉంది. ఆ రంగు వైరు మీటరు ఎన్ని రూపాయలు? నేను ఆ డ్రాయింగు కొత్తగా గీసినప్పుడు అలాంటి వైర్లు ఆ ఫ్యాక్టరీలో మొత్తం ఏడు దొరికాయి. సాఫ్ట్‌వేర్‌లో వాటికొక వైరు రకం తయారుచేసి, నారింజ రంగిచ్చి, అవి ఉన్న ప్రతి పేజీలోనూ వచ్చేలా పెట్టాను. వాటి జాబితా ఒక పేజీగా తీసి ప్యానెల్ తలుపు లోపల అతికించాం. జాబితా తీయడానికి కంప్యూటర్‌కు పట్టింది అరనిమిషం. ఆ ఏడు వైర్లు వెతకడానికి నాకూ, ఆ తమ్ముడికీ పట్టింది పదకొండు రోజులు.

పిల్లలూ, డబ్బు సంగతి. ఈప్లాన్, ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్ ఖరీదైనవి. దొంగ కాపీలు దొరుకుతాయని మీకు నాకంటే బాగా తెలుసు. వద్దు, అవసరం కూడా లేదు. విద్యార్థులకు ఆటోక్యాడ్ వాళ్లు ఏడాది చొప్పున ఉచితంగా ఇస్తారు, మళ్లీ పొడిగించుకోవచ్చు. అదీ వద్దంటే క్యూఎలక్ట్రోటెక్ ఉంది. అందరికీ ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది, మన కంప్యూటర్ గదిలోని పాత యంత్రాల మీద కూడా నడుస్తుంది. నిన్న సాయంత్రం హెడ్‌మాస్టర్ గారి అనుమతితో రెండింటి మీద ఎక్కించి చూశాను, నడిచింది.

మా బ్యాచ్ తరఫున ఒక పాత స్టార్-డెల్టా ప్యానెల్ తెచ్చి సైన్సు గదిలో పెట్టాం. దానికి కరెంటు కనెక్షన్ ఇవ్వలేదు, ఇవ్వం కూడా. బయటి వైరు కొసలన్నీ కోసేశాం, చెయ్యి పెట్టి చూడొచ్చు. లోపల వైర్ల మీద ఫెర్రూల్ నంబర్లు అలాగే ఉన్నాయి. డ్రాయింగు మాత్రం పెట్టలేదు, కావాలనే. తొమ్మిది, పది తరగతుల పిల్లలు నలుగురేసి జట్టుగా, వైరు వైరునా పట్టుకుని చూసి, ముందు కాగితం మీద, తర్వాత కంప్యూటర్‌లో దాని డ్రాయింగు తయారుచేయాలి. సంక్రాంతి సెలవులకు వచ్చి చూస్తాను. అందులో ఒక వైరు, ప్యానెల్ మెయిన్ ఆపినా బతికి ఉండేది. రంగు మార్చలేదు. ఏ జట్టు కనిపెడుతుందో చూద్దాం. సారూ, మీరు మాత్రం చెప్పకండి.